సిగ్నల్ పడితే ఇంజిన్ బంద్.. మీట నొక్కేదెప్పుడు?

* కొత్త కార్లలో స్టార్ట్-స్టాప్ వ్యవస్థపై అవగాహన అవసరం
* వరద నీరు, ఘాట్ రోడ్డు, రహదారి కూడళ్లలో నిలుపుదలే మేలు
* తీగలు కత్తిరిస్తే వారంటీకి చేటు

విజయవాడ: బెంజి సర్కిల్ వద్ద ఎర్రదీపం పడుతుంది. వరుసలో ఆగిన కారు ఇంజిన్ ఉన్నట్టుండి నిలిచిపోతుంది. కారు కొని వారమైనా కాని యజమాని బండి చెడిపోయిందేమోనని కంగారుపడి తాళంచెవి తిప్పబోతాడు. అంతలో పచ్చదీపం వెలుగుతుంది. వెనుక నుంచి హారన్ల మోత మొదలవుతుంది. నిజానికి ఆ కారులో లోపమేమీ లేదు. అందులో అమర్చిన 'ఆటోమేటిక్ ఇంజిన్ స్టార్ట్-స్టాప్' వ్యవస్థ తన పని తాను చేసుకుపోయింది, అంతే.

ఇంధనం ఆదా చేసేందుకు ఉద్దేశించిన ఈ వ్యవస్థను వద్దనుకునే వాహనదారులు చాలామందే ఉన్నారు. దానిని నిలిపివేసేందుకు చాలా కార్లలో ఒక మీట ఉంటుంది. మీట నొక్కడం క్షణంలో పని. అయితే దానిని ఎప్పుడు నొక్కాలి, ఎప్పుడు నొక్కనవసరం లేదు, ఇంజిన్ దానంతటదే ఆగి ఉన్నప్పుడు పాటించవలసిన జాగ్రత్తలేమిటి అన్నవి తెలియకపోతే ఇబ్బందులు తప్పవు. కొన్ని సందర్భాల్లో అది ప్రాణాల మీదకూ రావచ్చు.

అసలేమిటీ వ్యవస్థ?

కారు కదలకుండా నిలిచి ఉన్నప్పుడు ఇంజిన్ ఊరకే నడవడాన్ని ఐడిలింగ్ అంటారు. ఈ సమయంలో బండి ఒక్క అడుగైనా ముందుకు పోదు. ఇంధనం మాత్రం ఖర్చవుతూనే ఉంటుంది, పొగ వెలువడుతూనే ఉంటుంది. ఈ వృథాను అరికట్టడమే స్టార్ట్-స్టాప్ వ్యవస్థ ఉద్దేశం.

చేతితో గేర్లు మార్చే కార్లలో బండిని పూర్తిగా ఆపి, గేరును న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ మీద నుంచి కాలు తీస్తే ఇంజిన్ ఆగుతుంది. తిరిగి క్లచ్ తొక్కగానే నడుస్తుంది. ఆటోమేటిక్ గేర్ల కార్లలో బ్రేకు తొక్కిపట్టి ఉంచినంతసేపు ఇంజిన్ ఆగి ఉంటుంది. బ్రేకు వదలగానే మొదలవుతుంది. ఈ రెండు సందర్భాల్లోనూ తాళంచెవితో పనిలేదు. లైట్లు, మీటర్లు, పాటల పెట్టె బ్యాటరీపై పనిచేస్తూనే ఉంటాయి. ఎయిర్‌బ్యాగ్‌ల రక్షణ కూడా కొనసాగుతుంది. ఏసీలో చల్లదనాన్నిచ్చే కంప్రెసర్ మాత్రం చాలా కార్లలో ఇంజిన్‌తోపాటే ఆగిపోయి, ఫ్యాను గాలి ఒక్కటే వస్తుంది.

ఇంజిన్‌ను ఆపవచ్చా లేదా అన్నది కారులోని కంప్యూటరు నిర్ణయిస్తుంది. ఇంజిన్ తగినంత వేడెక్కిందా, బ్యాటరీలో చాలినంత చార్జి ఉందా, బ్రేకుకు బలమిచ్చే వ్యాక్యూమ్ సరిపడా ఉందా, డ్రైవరు సీటుబెల్టు పెట్టుకున్నాడా, తలుపు, బోనెట్ మూసి ఉన్నాయా, క్యాబిన్ చల్లబడిందా అని వరుసగా సరిచూసుకుంటుంది. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా ఇంజిన్‌ను ఆపదు. డీజిల్ కార్లలో పొగగొట్టంలోని మసి వడపోత శుద్ధి అవుతున్న సమయంలోనూ ఆపదు. వైశాఖమాసపు ఎండలో కారు ఎక్కిన మొదటి పావుగంట ఈ వ్యవస్థ పనిచేయకపోవడానికి కారణమిదే. క్యాబిన్ ఇంకా చల్లబడలేదు కనుక ఏసీకి ఇంజిన్ అవసరం ఉంటుంది.

అర్ధ శతాబ్దం నాటి ఆలోచన

ఇది నిన్న మొన్న పుట్టినది కాదు. 1970ల మధ్యకాలంలోనే జపాన్‌లో టొయోటా సంస్థ తన క్రౌన్ కారులో ఇటువంటి పరికరాన్ని ప్రయత్నించింది. 1980లలో ఇటలీకి చెందిన ఫియట్, 1990లలో జర్మనీకి చెందిన ఫోక్స్‌వ్యాగన్ కొన్ని మోడళ్లలో ప్రవేశపెట్టాయి. నాటి స్టార్టర్ మోటార్లు, బ్యాటరీలు ఇంత పనిభారానికి తగినట్లు ఉండేవి కావు. కొనుగోలుదారులూ అంతగా ఆసక్తి చూపలేదు. 2000ల దశకంలో ఐరోపాలో కర్బన ఉద్గారాలపై ఆంక్షలు పెరగడంతో ఈ ఆలోచనకు తిరిగి ప్రాణం వచ్చింది.

మన దేశంలో మహీంద్రా సంస్థ 2000ల దశకం చివర 'మైక్రో హైబ్రిడ్' పేరుతో దీనిని పరిచయం చేసింది. 2015లో మారుతీ సుజుకీ సియాజ్ కారులో 'ఎస్‌హెచ్‌వీఎస్' పేరుతో వచ్చిన పరిజ్ఞానంలో ఇదీ ఒక భాగం. హ్యుందాయ్, కియా కార్లలో దీనిని 'ఐఎస్‌జీ' అని వ్యవహరిస్తారు. ద్విచక్ర వాహనాలకూ ఇది విస్తరించింది. 2014లో హీరో మోటోకార్ప్ తెచ్చిన స్ప్లెండర్ ఐస్మార్ట్‌లో 'ఐ3ఎస్' పేరుతోను, 2019లో వచ్చిన బీఎస్-6 హోండా యాక్టివా 125లో 'ఐడిలింగ్ స్టాప్' పేరుతోను ఇదే సూత్రం పనిచేస్తుంది. పేర్లు ఏవైనా పని ఒక్కటే.

ప్రతిసారీ మళ్లీ ఎందుకు మొదలవుతుంది?

మీట నొక్కి వ్యవస్థను నిలిపివేసినా, కారును ఆపి తిరిగి తాళం తిప్పేసరికి అది మళ్లీ పనిచేయడం మొదలవుతుంది. వాహనదారులకు విసుగు తెప్పించే అంశాల్లో ఇది ముఖ్యమైనది. ఇది తయారీ లోపం కాదు. ఉద్దేశపూర్వకంగా చేసిన ఏర్పాటు.

కొత్త మోడల్ మైలేజీని, ఉద్గారాలను ధ్రువీకరించే పరీక్షలో కారును రోలర్లపై నిర్ణీత క్రమంలో నడుపుతారు. నగర రద్దీని పోలి ఉండేందుకు మధ్యమధ్య ఆపి ఉంచే ఘట్టాలూ అందులో ఉంటాయి. ఆ సమయాల్లో ఇంజిన్ ఆగిపోతే లెక్కలో ఇంధనం తగ్గుతుంది. కారు ఎప్పుడు మొదలుపెట్టినా వ్యవస్థ పనిచేసే స్థితిలోనే ఉంటే ఆ లాభాన్ని లెక్కలో చూపడం తయారీదారుకు సులువవుతుంది. మన దేశంలో 2017-18 నుంచి ప్రయాణికుల కార్లకు 'కఫే' నిబంధనలు అమలులోకి వచ్చాయి. 2022-23 నుంచి రెండో దశ మరింత కఠినమైంది. ఒక సంస్థ ఏడాదిలో విక్రయించే కార్లన్నింటి సగటు కర్బన ఉద్గారాలు నిర్ణీత పరిమితిని దాటరాదన్నది ఈ నిబంధనల సారం. కారుకు ఒకటి రెండు గ్రాములు తగ్గినా సంస్థకు మేలే.

ఈ మీట వ్యవహారం అమెరికాలో రాజకీయ చర్చకు సైతం దారితీసింది. స్టార్ట్-స్టాప్‌ను ప్రజలు ఇష్టపడటం లేదని, దానికి ఊతమిస్తున్న విధానాన్ని మారుస్తామని ఆ దేశ పర్యావరణ పరిరక్షణ సంస్థ అధిపతి లీ జెల్డిన్ 2025 మే నెలలో ప్రకటించారు.

మీట ఎక్కడ ఉంటుంది?

స్టీరింగుకు కుడిపక్కన గానీ, ఎడమపక్కన గానీ, గేరు కడ్డీ సమీపంలో గానీ, ఏసీ మీటల వరుసలో గానీ ఇది కనిపిస్తుంది. గుండ్రంగా తిరిగిన బాణం గుర్తు, దాని నడుమ 'ఏ' అనే ఆంగ్ల అక్షరం, పక్కనో కిందో 'ఆఫ్' అన్న మాట ఉంటాయి. ఇంజిన్ నడుస్తుండగా దీనిని ఒకసారి నొక్కితే మీటపై గానీ, మీటర్ల ఫలకంపై గానీ దీపం వెలుగుతుంది. ఆ దీపం వెలిగిందంటే వ్యవస్థ నిలిచిపోయిందని అర్థం. దీపం వెలిగింది కనుక పనిచేస్తోందని పొరబడేవారు చాలామంది. మరోసారి నొక్కితే దీపం ఆరి వ్యవస్థ తిరిగి పనిచేస్తుంది.

కొన్ని కార్లలో ప్రత్యేకంగా మీట ఉండదు. తాకే తెర మీద వాహన సెట్టింగుల జాబితాలోకి వెళ్లి నిలిపివేయాలి. మరికొన్నింటిలో 'స్పోర్ట్' పద్ధతిని ఎంచుకుంటే స్టార్ట్-స్టాప్ దానంతటదే నిలిచిపోతుంది. ఏది ఎలా ఉన్నదీ కారుతోపాటు ఇచ్చే ఓనర్స్ మాన్యువల్‌లో చూసుకోవచ్చు. కారు తీసుకునే రోజునే షోరూము సిబ్బందితో ఒకసారి చేసి చూపించమని అడగడం ఉత్తమం.

మీట జోలికి పోకుండా తాత్కాలికంగా ఇంజిన్ ఆగకుండా చూసుకునే వీలూ ఉంది. ఆటోమేటిక్ కార్లలో చాలావాటిలో బండి ఆగాక బ్రేకును ఒకింత సడలిస్తే ఇంజిన్ ఆగదు. ఆగి ఉంటే మొదలవుతుంది. చేతి గేర్ల కార్లలో క్లచ్ తొక్కి ఉంచితే సరిపోతుంది. అయితే నిమిషాల తరబడి క్లచ్ తొక్కి ఉంచడం క్లచ్ బేరింగుకు మంచిది కాదు. రెండు మూడు సెకన్ల ఆగుడుకే ఈ ఉపాయం పరిమితం కావాలి.

ఎప్పుడు నొక్కాలి?

* వరద నీరు: అన్నింటికంటే ముఖ్యమైనది ఇదే. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు మునిగినప్పుడు పెద్దసంఖ్యలో వాహనాలు నీటిపాలయ్యాయి. వర్షాకాలంలో రోడ్డుపై నిలిచిన నీటిని దాటవలసి వస్తే ముందుగానే స్టార్ట్-స్టాప్‌ను నిలిపివేయాలి. నీటి నడుమ ముందరి బండి ఆగితే వెనుక కారూ ఆగుతుంది. అక్కడ ఇంజిన్ దానంతటదే నిలిచిపోతే పొగగొట్టంలోకి నీరు ఎదురెక్కే ప్రమాదం ఉంది. గాలి తీసుకునే మార్గంలోకి నీరు చేరిన స్థితిలో ఇంజిన్ తిరిగి మొదలైతే సిలిండర్లలో నీరు నలగక కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఇటువంటి నష్టం సాధారణ బీమా పాలసీల కిందకు రాదు. ఇంజిన్ రక్షణకు విడిగా అదనపు ప్రీమియం చెల్లించిన వారికే పరిహారం దక్కుతుంది. పారుతున్న వాగును మాత్రం మీట నొక్కినా నొక్కకపోయినా కారులో దాటరాదు.

* జాతీయ రహదారిపై మలుపులు: నాలుగు వరుసల రోడ్డుపై డివైడరు సందులో ఆగి, ఎదురుగా వస్తున్న లారీల మధ్య ఖాళీ చూసుకుని కుడివైపు తిరగవలసిన చోట ఇంజిన్ ఎప్పుడూ నడుస్తూనే ఉండాలి. తిరిగి మొదలయ్యేందుకు పట్టే సమయం ఒక సెకను లోపే కావచ్చు. అలవాటు లేని డ్రైవరు ఆ సెకనులో తడబడి, గేరు వేయబోయి, బండిని రోడ్డుకు అడ్డంగా నిలిపివేసే ప్రమాదం ఉంది.

* ఘాట్ రోడ్లు: ఇంద్రకీలాద్రి, తిరుమల, అరకు వంటి చోట్ల ఎగువకు ఎక్కుతూ ఆగినప్పుడు బండి వెనక్కు జారకుండా చూసుకోవాలి. వాలును గుర్తించి కొన్ని కార్లు ఇంజిన్‌ను ఆపవు, కొన్నింటిలో వెనక్కు జారకుండా పట్టి ఉంచే ఏర్పాటు ఉంటుంది. ఆ రెండూ ఉన్నాయో లేవో తెలియనప్పుడు కొండ ఎక్కేముందే మీట నొక్కడం క్షేమం.

* నత్తనడక రద్దీ: ఉత్సవాల వేళ, రైతుబజార్ల వద్ద రెండడుగులు కదిలి ఆగే వరుసలో ఇంజిన్ పదేపదే ఆగి మొదలవడం వల్ల ఆదా కంటే చిరాకే ఎక్కువ. ఇరుకు సందుల్లో ముందుకు, వెనుకకు జరుపుతూ కారును నిలిపే సమయంలోనూ ఇదే పరిస్థితి.

* ఎండ తీవ్రత: కారులో పసిపిల్లలు, వృద్ధులు, రోగులు ఉన్నప్పుడు ఏసీ ఆగడం వారికి హాని చేయవచ్చు. రెంటచింతల వైపు మే నెలలో ప్రయాణించేవారికి ఈ విషయం వేరే చెప్పనక్కరలేదు.

* దూరప్రయాణం చివర: టర్బో ఇంజిను గల కారును అధిక వేగంతో చాలాదూరం నడిపి ఒక్కసారిగా ఆపినప్పుడు, కొద్దిసేపు ఐడిలింగ్‌లో ఉంచి ఆపితే మంచిదని కొన్ని మాన్యువల్‌లు చెబుతాయి. అటువంటి కార్ల యజమానులు హోటలు వద్దకో బంకు వద్దకో చేరే ముందు మీట నొక్కవచ్చు.

ఎప్పుడు వదిలేయాలి?

నిమిషానికి పైగా నిలబెట్టే పెద్ద కూడళ్లు, రైల్వే గేట్లు, బడి విడిచే వేళ వీధి చివర నిరీక్షణ, వంతెనల మరమ్మతుల వద్ద ఒంటివరుస రాకపోకలు - వీటన్నింటా వ్యవస్థను పనిచేయనివ్వడమే లాభం. ఇంజిన్‌ను తిరిగి మొదలుపెట్టేందుకు ఎక్కువ ఇంధనం ఖర్చవుతుందన్న నమ్మకం పాత కార్బొరేటర్ల కాలం నాటిది. పది సెకన్లకు మించి ఐడిలింగ్‌లో ఉంచితే, ఆపి తిరిగి మొదలుపెట్టడం కంటే ఎక్కువ ఇంధనం ఖర్చవుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది.

ఇంటి లెక్క వేసుకోవడం కష్టమేమీ కాదు. చిన్న పెట్రోలు కారు ఐడిలింగ్‌లో గంటకు సుమారు 0.6 లీటరు తాగుతుందనుకుందాం. ఏసీ వేస్తే ఇది పెరుగుతుంది. ఇంటి నుంచి కార్యాలయానికి వెళ్లి వచ్చేలోపు సిగ్నళ్ల వద్ద రోజుకు 20 నిమిషాలు గడిచిపోతే 0.2 లీటరు. నెలకు 25 రోజుల చొప్పున 5 లీటర్లు, ఏడాదికి 60 లీటర్లు. లీటరు 110 రూపాయల వంతున వేసినా 6,600 రూపాయలు. ఎండల వల్ల, బ్యాటరీ కారణంగా వ్యవస్థ సగం సందర్భాల్లోనే పనిచేసిందనుకున్నా 3,300 రూపాయలు మిగులుతాయి. లీటరు పెట్రోలు మండితే దాదాపు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది కనుక ఆ మేరకు గాలికీ మేలు. ఊళ్ల మధ్య రహదారి మీదే ఎక్కువగా తిరిగే కారుకు మాత్రం ఈ ఆదా నామమాత్రమే.

2019లో ప్రారంభమైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం పరిధిలోకి వచ్చిన నగరాల్లో విజయవాడ, విశాఖపట్నం ఉన్నాయి. ఢిల్లీ ప్రభుత్వం 2020 అక్టోబరులో 'రెడ్ లైట్ ఆన్, గాడీ ఆఫ్' పేరుతో ప్రచారోద్యమం చేపట్టి, సిగ్నల్ వద్ద ఇంజిన్ ఆపాలని వాహనదారులను కోరింది. అక్కడ చేతితో చేయమన్న పనినే ఈ వ్యవస్థ దానంతటదే చేస్తుంది. కూడలిలో ఎండకు నిలబడే ట్రాఫిక్ కానిస్టేబుళ్లు, రోడ్డు పక్క తోపుడుబండ్ల వ్యాపారులు పీల్చే పొగ ఆ మేరకు తగ్గుతుంది.

ఆగిన ఇంజిన్‌ను ఆగిందనుకోరాదు

ఈ వ్యవస్థలో ప్రాణాపాయానికి ఆస్కారమున్న అంశం ఒకటుంది. స్టార్ట్-స్టాప్ ద్వారా ఆగిన ఇంజిన్ నిద్రపోతున్నది మాత్రమే. బ్యాటరీ తగ్గినా, క్యాబిన్ వేడెక్కినా, బ్రేకు వ్యాక్యూమ్ తరిగినా అది ఎవరూ ఏమీ చేయకుండానే తిరిగి మొదలుకావచ్చు. చప్పుడు లేదు కనుక కారు ఆపేశామని భ్రమపడి, గేరు వేసి ఉండగానే దిగిపోవడం ప్రమాదకరం. సీటుబెల్టు తీసినా, తలుపు తెరిచినా కార్లు రకరకాలుగా స్పందిస్తాయి. కొన్ని హెచ్చరిక మోగిస్తాయి, కొన్ని ఇంజిన్‌ను తిరిగి నడుపుతాయి, కొన్ని పూర్తిగా నిలిపివేస్తాయి. కనుక దిగేముందు గేరును న్యూట్రల్‌కు లేదా పార్కింగుకు తెచ్చి, చేతిబ్రేకు వేసి, ఇగ్నిషన్ ఆపి, తాళంచెవి వెంట తీసుకెళ్లాలి. కారులో పిల్లలను వదిలి అంగడికి వెళ్లే అలవాటును పూర్తిగా మానుకోవాలి.

మెకానిక్ షెడ్డులో బోనెట్ ఎత్తే ముందూ ఇదే జాగ్రత్త అవసరం. ఇగ్నిషన్ ఆపకుండా ఫ్యాను బెల్టు దగ్గర చేయి పెట్టరాదు. బోనెట్ తెరిస్తే ఇంజిన్ తిరిగి మొదలుకాకుండా చూసే సెన్సరు ఉన్నా, అది చెడిపోయి ఉండవచ్చు.

స్కూటర్ల విషయంలో మరింత అప్రమత్తత కావాలి. ఐడిలింగ్ స్టాప్ ఉన్న స్కూటరు ఆగి ఉన్నప్పుడు యాక్సిలరేటరు తిప్పితే చాలు, ఇంజిన్ మొదలై బండి ముందుకు దూకుతుంది. ముందు నిలబడిన చిన్నారి సరదాగా యాక్సిలరేటరు తిప్పితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. పిల్లలను ముందు నిలబెట్టుకుని వెళ్లేవారు ఆ స్విచ్చును ఆపివేయడం, దిగేముందు తాళం తీయడం తప్పనిసరి.

ఒకవేళ సిగ్నల్ వద్ద ఆగిన కారు తిరిగి మొదలుకాకపోతే కంగారు పడనక్కరలేదు. చేతి గేర్ల కారైతే గేరును న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ పూర్తిగా తొక్కాలి. అప్పటికీ మొదలుకాకపోతే హజార్డ్ లైట్లు వేసి, బ్రేకు తొక్కి ఉంచి, మామూలుగా తాళంచెవి లేదా స్టార్ట్ మీటతో మొదలుపెట్టాలి. ఇంజిన్ ఆగేముందు గేరు వేసి ఉంచడం, మధ్యలో సీటుబెల్టు తీయడం వంటివే చాలా సందర్భాల్లో కారణం.

బ్యాటరీ మార్చేటప్పుడు తస్మాత్ జాగ్రత్త

రోజుకు పదులసార్లు ఇంజిన్‌ను లేపాలంటే మామూలు బ్యాటరీ తట్టుకోలేదు. అందుకే ఈ కార్లకు 'ఈఎఫ్‌బీ' లేదా 'ఏజీఎమ్' రకం బ్యాటరీలు అమరుస్తారు. స్టార్టర్ మోటారును కూడా దృఢంగా తయారుచేస్తారు. కనుక స్టార్ట్-స్టాప్ వల్ల సెల్ఫ్ మోటారు త్వరగా పాడవుతుందన్న భయం అక్కరలేదు. అసలు చిక్కు బ్యాటరీ మార్చేటప్పుడు వస్తుంది. ఈఎఫ్‌బీ, ఏజీఎమ్ రకాల ధర మామూలు వాటికంటే ఎక్కువ. చౌకగా వస్తుందని సాధారణ బ్యాటరీ వేయిస్తే అది త్వరగా చతికిలబడుతుంది. ఏ రకం ఉన్నదో పాత బ్యాటరీపైనే రాసి ఉంటుంది. అదే రకం, అదే సామర్థ్యం ఉన్నది వేయించుకోవాలి. కొన్ని కార్లలో కొత్త బ్యాటరీ వివరాలను కంప్యూటరులో నమోదు చేయించవలసి ఉంటుంది.

బ్యాటరీ నెగటివ్ కొసపై చార్జిని కొలిచే చిన్న సెన్సరు ఉంటుంది. మరో కారు బ్యాటరీతో తీగలు కలిపి మొదలుపెట్టవలసి వచ్చినప్పుడు నెగటివ్ తీగను నేరుగా ఆ కొసకు కాక, మాన్యువల్‌లో చూపిన ఎర్త్ స్థానానికి తగిలించాలి.

నిన్నమొన్నటి వరకు చక్కగా పనిచేసిన స్టార్ట్-స్టాప్, ఎండల కాలం కాకపోయినా వారాల తరబడి పనిచేయడం మానేస్తే దానిని మొదటి హెచ్చరికగా తీసుకోవాలి. బ్యాటరీ బలహీనపడుతున్నదని కారు చెబుతున్న మాట అది. రోజూ రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరిగే కార్లలో చార్జి నిండక ఈ పరిస్థితి తరచుగా వస్తుంది. వారానికొకసారి అరగంటపాటు ఆపకుండా నడిపితే కొంతవరకు కోలుకుంటుంది. అప్పటికీ మారకపోతే పరీక్ష చేయించాలి. వ్యవస్థ తమకు ఎలాగూ అవసరం లేదని ఈ సూచనను పట్టించుకోనివారు ఒకనాటి ఉదయం ఇంటి ముందే బండిని తోయించుకోవలసి వస్తుంది.

తీగలు కత్తిరిస్తే..

ప్రతిరోజూ మీట నొక్కడం విసుగనిపించి, శాశ్వతంగా తీసేయించాలని షెడ్డులను ఆశ్రయించేవారూ లేకపోలేదు. ఇందుకు మూడు రకాల మార్గాలు ప్రచారంలో ఉన్నాయి. మొదటిది, చివరిసారి మీట ఏ స్థితిలో ఉందో గుర్తుంచుకునే చిన్న పరికరాన్ని మీట వెనుక అమర్చడం. రెండోది, కారు కంప్యూటరులో కోడింగు మార్చడం. మూడోది, బోనెట్ సెన్సరు లేదా బ్యాటరీ సెన్సరు తీగను ఊడదీసి వ్యవస్థను మోసగించడం.

మూడో పద్ధతి ముమ్మాటికీ తగదు. బోనెట్ సెన్సరు తీసేస్తే బోనెట్ సరిగా పడని విషయం డ్రైవరుకు తెలియదు. దొంగతనం నిరోధించే అలారం కూడా గాడితప్పవచ్చు. బ్యాటరీ సెన్సరు ఊడదీస్తే చార్జింగు తీరే దెబ్బతిని, బ్యాటరీ ఆయువు తగ్గుతుంది. మొదటి రెండు పద్ధతుల్లోనూ తీగలను కత్తిరించి అతికించినా, కోడింగు బెడిసికొట్టినా విద్యుత్ విభాగానికి సంబంధించిన వారంటీని సంస్థ నిరాకరించే వీలుంటుంది. నాసిరకం అతుకుల వల్ల షార్ట్ సర్క్యూట్ ముప్పు సరేసరి. నిజంగానే శాశ్వత పరిష్కారం కావాలనుకునేవారు అధీకృత సర్వీసు కేంద్రంలో అడిగి, తమ మోడల్‌లో ఆ వెసులుబాటు ఉందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోవడం శ్రేయస్కరం. లేనిపక్షంలో బయలుదేరేటప్పుడు సీటుబెల్టు పెట్టుకున్నట్లే మీట నొక్కడాన్నీ అలవాటుగా చేసుకోవడం మేలు.

హైబ్రిడ్‌ల సంగతి వేరు

టొయోటా హైరైడర్, ఇన్నోవా హైక్రాస్, మారుతీ గ్రాండ్ విటారాలలోని పూర్తిస్థాయి హైబ్రిడ్ రకాలకు ఈ చర్చ వర్తించదు. వాటిలో ఇంజిన్, విద్యుత్ మోటారు వంతులవారీగా బండిని నడుపుతాయి. ఆగినప్పుడే కాక నడుస్తున్నప్పుడూ ఇంజిన్ ఆగిపోవడం వాటి పనితీరులో భాగం. ఏసీ కూడా హైబ్రిడ్ బ్యాటరీపైనే నడుస్తుంది. పూర్తి విద్యుత్ కార్లలో ఇంజినే లేదు కనుక ఆ ప్రసక్తే రాదు.

గుర్తుంచుకోవలసినవి

* 'ఏ ఆఫ్' దీపం వెలిగితే వ్యవస్థ నిలిచిపోయిందని అర్థం. తిరిగి తాళం తిప్పితే మళ్లీ పనిచేస్తుంది.
* నిలిచిన నీరు, ఘాట్ రోడ్డు, డివైడరు మలుపు వచ్చేముందే మీట నొక్కాలి. మధ్యలోకి వెళ్లాక వెతుక్కోరాదు.
* పెద్ద సిగ్నళ్లు, రైల్వే గేట్ల వద్ద వ్యవస్థను పనిచేయనివ్వాలి.
* చప్పుడు లేకపోయినా ఇగ్నిషన్ ఆపేవరకు ఇంజిన్ నడుస్తున్నట్లే భావించాలి.
* బ్యాటరీ మార్చేటప్పుడు పాతదాని రకమే తీసుకోవాలి.
* వాలులో దిగేటప్పుడు ఇంధనం కలిసివస్తుందని తాళంచెవి తిప్పి ఇంజిన్ ఆపడం ప్రాణాంతకం. బ్రేకుకు బలం తగ్గుతుంది, స్టీరింగు బిగుసుకుపోతుంది. స్టార్ట్-స్టాప్‌కు, ఈ దురలవాటుకు పోలిక లేదు.